దోర్నకల్ దేవాలయము, మన ఊరి గుడి

(కారేపల్లిలో జరిగిన సంఘపెద్దల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



దేవాలయ నిర్మాణమును గూర్చి నాలుగు మాటలు చెప్పమని మీరు నన్ను అడిగినారు. ఎందుకు అడిగినారో నాకు తెలుసు. కారేపల్లి చుట్టుపక్కల కొన్ని పల్లెలలో గూనపెంకల ప్రార్థనా మందిరములను విప్పి, స్లాబు వేసి, ముందర ఎత్తైన గోపురము లేపాలని ఆలోచన నడుస్తున్నది. కట్టాలా వద్దా అని తీర్పు చెప్పడానికి నేను రాలేదు. వానలో గొడుగు పట్టుకొని బల్ల దగ్గర నిలబడి ప్రార్థన చదివిన వాడను. కట్టవలసిన చోట కట్టవలసినదే. అయితే దేనిని విప్పుతున్నామో, దేనిని కడుతున్నామో తెలిసి చేయాలని నా మనవి.

అందుకొరకు ముందుగా మిమ్మును దోర్నకల్ తీసుకొని పోతాను. తరువాత తిరిగి మన ఊరికే వస్తాను.

మన కారేపల్లి జంక్షను పుట్టినది బొగ్గు వలన. సింగరేణి బొగ్గును బయటికి తీసుకపోవడానికి పంతొమ్మిదవ శతాబ్దము చివర నిజాం రైల్వే వారు దోర్నకల్ నుండి ఇల్లెందు వైపు పట్టాలు వేసినారు. అప్పటికి దోర్నకల్ పెద్ద ఊరేమీ కాదు. చుట్టూ జొన్నచేలు, తుమ్మలు, రాళ్ళు, ఆ తరువాత అడవి. కాని పట్టాలు కలిసే చోటు గనుక నాలుగు దిక్కులకు పోవడానికి అనువైనది. బొగ్గు బండ్ల కొరకు వేసిన దారి సువార్తికులకు కూడా దారి అయినది.

ఆ సువార్తికులు ఎక్కడి నుండి వచ్చినారు? సీమ నుండి వచ్చినారని మన పిల్లలు అనుకుంటారు. అది సగము నిజము మాత్రమే. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీ అను సంఘమును స్థాపించినారు. డబ్బు మన దేశస్థులది, పని చేసేవారు మన దేశస్థులు, నడిపేవారు కూడా మన దేశస్థులే కావాలన్నది దాని నియమము. ఆ సంఘము మొదట ఎన్నుకొన్న పొలము మన తెలుగు నేల, మానుకోట దోర్నకల్ ప్రాంతము. పండించుకొన్న దానిలో నుండి కొంత తీసి, తాము ఎన్నడును చూడని, తమ భాష రాని మనకొరకు ఆ తమిళ పల్లెల వారు పంపినారు. మన విశ్వాసము వెనుక ఆ పేద కానుక ఉన్నదని మనము మరువరాదు.

ఆ సంఘమును స్థాపించినవారిలో ముఖ్యుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై అను చిన్న పల్లెలో పుట్టినాడు. 1909లో గురు అభిషేకము పొంది, తెలుగు నేర్చుకొని, మిషనరీగా దోర్నకల్ వచ్చినాడు. 1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినప్పుడు ఆ సభలో నిలిచి, మీరు మాకు సొమ్ము ఇచ్చినారు, ప్రాణములు ఇచ్చినారు, అయితే మాకు కావలసినది మీ స్నేహము అనే భావముతో మాట్లాడినాడు. దొరల ఎదుట ఒక నల్లని యువకుడు అలా మాట్లాడడము ఆ రోజులలో చిన్న సంగతి కాదు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయనకు బిషప్ అభిషేకము జరిగినది. ఆంగ్లికన్ సంఘములో ఆయనే మొదటి భారతీయ బిషప్. ఆ దినముతో మన దోర్నకల్ అధ్యక్ష మండలము పుట్టినది.

మొదట అది చాలా చిన్న మండలము. తరువాతి కాలములో కృష్ణా, గోదావరి వైపుల మిషను క్షేత్రములు వచ్చి కలిసినవి. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెములో కోయ సహోదరుల మధ్య పని 1860ల తొలినాళ్ళలోనే మొదలైనది. నది మీద పడవల రాకపోకల కొరకు కాలువలు, ఆనకట్టలు కట్టించడానికి వచ్చిన హేగ్ అను ఇంజనీరు, తన పని తాను చేసుకొని పోక, ఈ అడవి ప్రజలకు సువార్త చెప్పేవారు లేరే అని భారపడినాడు. తరువాత జాన్ కెయిన్ అను మిషనరీ అక్కడ ఏండ్ల తరబడి నివసించి కోయల భాషను, ఆచారములను వ్రాసి పెట్టినాడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మన మండలము ఒక్క భాషది కాదు, ఒక్క కులముది కాదు. మాలపల్లె, మాదిగ గూడెము, కోయ గూడెము, లంబాడి తండా అన్నీ ఇందులో ఉన్నవి. ఈ మాట మీరు మనస్సులో పెట్టుకొనండి, చివర మళ్ళీ దీని దగ్గరికే వస్తాము.

ఇప్పుడు దేవాలయము దగ్గరికి పోదాము.

దోర్నకల్ దేవాలయమునకు పెట్టిన పేరు ఎపిఫనీ, అనగా ప్రభువు ప్రత్యక్షత. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రమును చూచి వచ్చి, బాలుడైన యేసునకు తమ దేశపు కానుకలను సమర్పించిన దినమును ఆ పండుగలో జ్ఞాపకము చేసుకొంటాము. 1939లో సరిగా ఆ పండుగ దినముననే, జనవరి 6న, దేవాలయ ప్రతిష్ఠ జరిగినది. తలపెట్టిన నాటి నుండి ప్రతిష్ఠ వరకు సుమారు పాతికేండ్లు పట్టినది. మధ్యలో 1914 నుండి 1918 వరకు మొదటి ప్రపంచ యుద్ధము, 1929 తరువాత ప్రపంచమంతటా వచ్చిన ఆర్థిక మాంద్యము. చేతిలో డబ్బు ఉన్నప్పుడు లేచినది, లేనప్పుడు ఆగినది. మన పల్లె గుళ్ళు లేచినట్లే అదీ లేచినది.

మీలో చాలామంది ఆ దేవాలయమును చూచినారు. మహాసభలకు, అభిషేకములకు పోయినప్పుడు లోపల కూర్చున్నారు. అయితే తల ఎత్తి చూచినారా? బయట నుండి చూస్తే గుమ్మటములు కనబడుతవి. అవి మసీదుల కట్టడము నుండి తీసుకొన్నవి. నిజాం రాజ్యములో పుట్టి పెరిగిన మనకు ఆ గుమ్మటము కొత్త కాదు. లోపలికి పోతే రాతి స్తంభములు. అవి దక్షిణాది రాతిగుళ్ళ మండపములలోని స్తంభముల పోలికవి. వాటి మీద పువ్వులు చెక్కి ఉన్నవి. ఒకటి ఉమ్మెత్త పువ్వు, ఒకటి అరటి పువ్వు. తామర కూడా ఉన్నది, విచ్చుకొన్న తామర మీద సిలువ నిలిచి ఉన్నది.

వీటికి అర్థము చెబుతారు. ఉమ్మెత్త మరణమునకు గుర్తు, అరటి పువ్వు జీవమునకు గుర్తు. తామర మన దేశము, దాని నడుమ నుండి సిలువ లేచినది. నేను వేదాంత కళాశాలలో చదివే రోజులలో ఈ మాటలు విని నోటుపుస్తకములో వ్రాసుకొన్నాను, అంతే. తరువాత పల్లెలలో సేవ చేస్తుండగా అవి నాకు వేరుగా అర్థమైనవి.

ఉమ్మెత్త ఎక్కడ పెరుగుతుంది? ఎవరు నాటుతారు? ఎవరూ నాటరు. పెంటకుప్పల మీద, సమాధుల పక్కన, ఊరి బయట అదే మొలుస్తుంది. మేక కూడా ముట్టదు. కాయలో విషమున్నదని తల్లులు పిల్లలకు చెబుతారు. అటువంటి పువ్వును తీసుకొని వచ్చి దేవుని ఆలయములో స్తంభము మీద చెక్కినారు. ఊరి బయటనే పుట్టి, ఊరి బయటనే బ్రతికినవారి సంఘమునకు దానికన్న దగ్గరి పువ్వు ఏదున్నది? మన ప్రభువు కూడా పట్టణపు గవిని వెలుపలనే శ్రమపడినాడు గదా.

ఇక అరటి. అరటిచెట్టు ఒక్కసారే గెల వేస్తుంది. గెల దించిన తరువాత చెట్టును నరికివేస్తారు. కాని ఆ మొదలు నుండి అప్పటికే పిలకలు లేచి ఉంటవి. తాను పోతూ తన వారిని నిలబెట్టి పోతుంది. ఈ ఒక్క పువ్వును చూపించి ప్రభువు మరణమును, పునరుత్థానమును గూర్చి ఎంత పెద్ద ప్రసంగమైనా చేయవచ్చును. చదువురాని తల్లికి కూడా అది పుస్తకము లేకుండానే అర్థమగును.

సరే, అజరయ్య గారు గుడి స్తంభమును, మసీదు గుమ్మటమును ఎందుకు తెచ్చినారు? ఆయనకు ముందర వేరే దారులు లేవా? ఉన్నవి. మన పొరుగు మండలమైన మెదక్‌లోనే వేరొక గొప్ప దేవాలయము ఉన్నది. చార్లెస్ వాకర్ పోస్నెట్ గారు 1914లో పని మొదలుపెట్టించినారు. కరవు కాలములో పని చేసినవారికి అన్నము దొరికినది ఆ కట్టడము వలననే. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయినది. దాని గోపురము 175 అడుగుల ఎత్తు. దాని పోలిక ఇంగ్లండు, ఫ్రాన్సు దేశముల గోథిక్ దేవాలయముల పోలిక. ఆకలిగొన్నవారి కడుపు నింపిన ఆ రాళ్ళను నేను తక్కువ చేయను. కాని రెండు దేవాలయములను పక్కపక్కన తలంచుకొంటే తేడా తెలుస్తుంది. ఒకటి, క్రైస్తవ లోకములోని శ్రేష్ఠమైన దానిని మీకొరకు తెచ్చినాము అంటుంది. రెండవది, మీ దగ్గర ఉన్న శ్రేష్ఠమైన దానిని ప్రభువు దగ్గరికి తీసుకొని రండి అంటుంది. జ్ఞానులు బంగారమును, సాంబ్రాణిని, బోళమును తమ దేశము నుండి తెచ్చినారు గాని బేత్లెహేములో కొనలేదు. ప్రత్యక్షత అను పేరు ఆ దేవాలయమునకు ఎంత తగినదో చూడండి.

ఈ విషయము మన దేశములో కొత్తది కూడా కాదు. 1498లో వాస్కోడగామా కాలికట్ చేరినప్పుడు అతని మనుష్యులు ఒక హిందూ దేవాలయములోనికి పోయి, అది క్రైస్తవుల గుడి అనుకొని మోకరించినారని వారి ప్రయాణపు దినచర్య చెబుతున్నది. అందరూ నవ్వుకొనే కథ అది. కాని నవ్వుకొన్న తరువాత ఆలోచించాలి. ఆ కాలములో కేరళలోని తోమా క్రైస్తవుల దేవాలయములు కూడా బయటికి గుళ్ళ వలెనే కనబడేవి. ముందర రాతి సిలువ, దీపపు స్తంభము, టేకు దూలముల కప్పు. ఆ తరువాత పోర్చుగీసు వారు వచ్చి ముందు గోడలను తమ దేశపు తీరున మార్చినారు. గుడి అంటే ఇట్లే ఉండాలన్న తలంపు అప్పటి నుండి మన తలలో పడినది.

అయితే పోర్చుగీసు వారు తమ ఊళ్ళలో ఎట్లా కట్టుకొన్నారు? ఉత్తర పోర్చుగల్‌లో బ్రవాయెస్ అను పల్లెలో పన్నెండు పదమూడవ శతాబ్దముల నాటి ఒక చిన్న గుడి ఉన్నది. మొదట మఠమునకు చెందినది, తరువాత ఊరి గుడి అయినది. పుస్తకములలో దాని చిత్రములు చూచినాను. ఆ నేలలో దొరికే గ్రానైటు రాయితోనే కట్టినారు. గోడలు మందము, కిటికీలు సన్నము. తలుపు చుట్టూ మనుష్యులను, పక్షులను, ఎద్దు తలలను చెక్కినారు. ఎద్దులతో దున్నుకొని బ్రతికే రైతులు తమ ఎద్దును కూడా దేవుని గుమ్మము దగ్గరికి తోలుకొని వచ్చినట్లున్నది. వారి పల్లె గుడి వారి పల్లెకు చెందినది. దోషము వారు తమ రాతితో కట్టుకోవడములో లేదు. ఆ తీరు ఒక్కటే దేవుని తీరు అని ఇతరులు నమ్మడములో ఉన్నది.

ఇక్కడ మీలో ఒకరు లేచి నన్ను ఒక మాట అడగవచ్చును. నిజముగా అడిగినారు కూడా. పోయిన కూడికలో ఒక యువకుడు, "అయ్యగారూ, మా తాతలను ఏ గుడి మెట్టు ఎక్కనీయలేదో ఆ గుడి స్తంభమును మళ్ళీ మన చర్చిలో ఎందుకు పెట్టాలి? అది మనలను వెళ్ళగొట్టినవారి గుర్తు కదా" అన్నాడు. ఆ దినము నేను సరియైన జవాబు చెప్పలేకపోయినాను. అతని ప్రశ్న తేలికైనది కాదు. 1980ల నుండి మన వేదాంత పండితులు కొందరు ఇదే ప్రశ్నను గట్టిగా అడుగుతూ వస్తున్నారు. భారతీయత అంటే అగ్రవర్ణాల భారతీయతేనా, మాల మాదిగల డప్పు, పాట, వాడ భారతీయత కాదా అన్నది వారి వాదము. అది న్యాయమైన వాదము.

ఆ యువకునికి ఈ దినము నా జవాబు చెబుతాను. తేదీలు చూడు తమ్ముడా. దోర్నకల్ దేవాలయ ప్రతిష్ఠ 1939 జనవరి 6. మదురై మీనాక్షి ఆలయములోనికి దళితులను తోడుకొని ఆలయ ప్రవేశము జరిపినది 1939 జూలై 8. అనగా ఆరు నెలల తరువాత. ఇంకా ఎన్నో ఊళ్ళలో గుడి తలుపులు ఆ తరువాత కూడా ఎన్నో ఏండ్లు మూసే ఉన్నవి. అటువంటి కాలములో మాలపల్లె, మాదిగ గూడెముల నుండి వచ్చిన మన తాతలు, అవ్వలు దోర్నకల్‌లో అడుగుపెట్టి, చెక్కిన రాతి స్తంభమును చేతితో ముట్టినారు. దానికి వీపు ఆనించి కూర్చున్నారు. ఎవరూ లేవమనలేదు. వెళ్ళగొట్టినవారి స్తంభమును మనము అరువు తెచ్చుకోలేదు. ఆ రాయిని కొట్టినది, మోసినది, లేపినది మన వంటి చేతులే. గుళ్ళు కట్టిన చేతులకు గుడి లోపల చోటు దొరికినదని ఆ స్తంభము చెబుతున్నది. ఆ కాలములోనే గాంధీ గారు మతము మారడమును గూర్చి అజరయ్య గారి పనిని బహిరంగముగా విమర్శించినారు. ఈ క్రైస్తవులు పరాయివారవుతున్నారన్న మాట దేశమంతా వినబడినది. దానికి మాటలతో ఇచ్చిన జవాబులు పత్రికలలో పాతబడినవి. రాతితో ఇచ్చిన జవాబు ఇంకా నిలిచి ఉన్నది.

అయినా ఆ యువకుని ప్రశ్న తీరిపోలేదు, తీరకూడదు కూడా. గుడి స్తంభము ఉన్నది, మసీదు గుమ్మటము ఉన్నది. కోయ ఇంటి నిట్టాడు ఏది? తండాలో అక్కలు అద్దములు కుట్టే రవికె మీది ముగ్గు ఏది? 1939లో వారు చేయగలిగినది వారు చేసినారు. మిగిలినది మనకు వదిలినారు.

ఇప్పుడు మన ఊరికి వస్తాను. నేను చేసిన ఒక తప్పు మీ ఎదుట ఒప్పుకోవాలి.

నేను సేవలో చేరిన తొలి రోజులలో ఒక అడవి అంచు పల్లెలో సేవ చేసినాను. అక్కడ చిన్న ప్రార్థనా మందిరము ఉండేది. మట్టి గోడలు, గూనపెంకలు, నడుమ ఒక లావుపాటి మద్ది నిట్టాడు. దాని మీదనే కప్పు అంతా నిలిచి ఉండేది. పెంకలు పగిలి వాన కురిసేది. బయట నుండి కొంత సహాయము దొరికినది. నేను యువకుడను, ఉత్సాహము ఎక్కువ. పాతది విప్పించినాను. స్లాబు వేయించినాను. నడుమ స్తంభము లేకుండా విశాలమైన హాలు వచ్చినదని సంతోషపడినాను. ఆ నిట్టాడును, దూలములను కలప కొనేవానికి అమ్మి, ఆ డబ్బుతో కిటికీలకు రెక్కలు పెట్టించినాను. లెక్కలు సక్రమముగా వ్రాసినాను. ఒక్క రూపాయి తేడా లేదు.

ప్రతిష్ఠ అయిన తరువాతి ఆదివారము ఒక వృద్ధురాలు వచ్చినది. లోపలికి వచ్చి హాలు నడుమ నిలబడి ఇటు అటు చూచినది. "అయ్యగారూ, మా మామ అడవిలకెళ్ళి మోసుకొచ్చిన నిట్టాడు ఏడ బెట్టిన్రు?" అన్నది. అమ్మినాము అమ్మా అన్నాను. "అమ్మిన్రా" అన్నది. ఇంకేమీ అనలేదు. గుమ్మము దగ్గరికి పోయి, తలుపు చట్రమునకు వీపు ఆనించి కూర్చున్నది.

అప్పుడు నాకు జ్ఞాపకము వచ్చినది. నేను ఆ ఊరికి వచ్చిన నాటి నుండి ప్రతి ఆదివారము ఆమె ఆ నిట్టాడుకు ఆనుకొనే కూర్చునేది. నడుము నొప్పి మనిషి. నేను అది కండ్లతో చూచినాను గాని గ్రహించలేదు. తరువాత ఆ ఊరి పెద్దలు చెప్పినారు. ఆమె మామ, మరి నలుగురు, తునికాకు కూలి చేసుకొనే మనుష్యులు, ఒక దినము కూలి మానుకొని, ఆ మానును భుజముల మీద మోసుకొని వచ్చినారట. ఊరి గుడిలో వారికి చోటు లేదు. తమ చేతులతో దేవుని కొరకు నిలబెట్టినది వారి జీవితములో అది ఒక్కటే. దానిని నేను కిటికీ రెక్కల కొరకు అమ్మినాను. దోర్నకల్ స్తంభముల మీద పువ్వులకు అర్థము చెప్పగలిగిన వాడను, నా గుడి నడుమ నిలబడిన స్తంభమునకు అర్థము తెలుసుకోలేదు.

ఆమె ఇప్పుడు లేదు. ఆ నిట్టాడు ఎక్కడికి పోయినదో నాకు తెలియదు. ఆ హాలు ఇంకా ఉన్నది, ఎండకాలములో మధ్యాహ్నము లోపల కూర్చోలేరు.

అందుచేత, పెద్దలారా, కొత్త గుడి తలపెట్టిన ప్రతి సంఘమును నేను నాలుగు సంగతులు బ్రతిమాలుకొంటున్నాను.

మొదటిది. ఒక్క పెంక దించకముందే సంఘములోని ముసలివారిని కూర్చోబెట్టి అడిగి, వ్రాసి పెట్టండి. ఈ స్థలము ఎవరిచ్చినారు? ఈ దూలము ఎవరు తెచ్చినారు? గోడకు మట్టి ఎవరు తొక్కినారు? పిడికెడు బియ్యము తీసిపెట్టి, కోడిని అమ్మి చందా ఇచ్చిన తల్లులు ఎవరు? దోర్నకల్ దేవాలయమును గూర్చి దేశదేశములవారు పుస్తకములు వ్రాసినారు. మన పల్లె గుడిని గూర్చి మనము వ్రాయకపోతే ఎవరూ వ్రాయరు. ఆ ముసలివారితోనే అది సమాధికి పోతుంది.

రెండవది. విప్పిన దానిలో ఏదో ఒకటి కొత్త దానిలో నిలపండి. నిట్టాడు కావచ్చు, కడప రాయి కావచ్చు, పాత గంట కావచ్చు. నిట్టాడును బల్లగానో, సిలువగానో చేయించవచ్చును. చెదలు తిన్నదైతే బాగున్న ముక్కను కోయించి ప్రసంగ పీఠమునకు వాడవచ్చును. ఖర్చు కూడా తగ్గుతుంది. పిల్లలకు, ఇది మీ ముత్తాత మోసినది అని చేయి పెట్టి చూపించగలగాలి.

మూడవది. ఈ నేల ఎండను, వానను లెక్కలోనికి తీసుకొనండి. ఇది బొగ్గు నేల. మే నెలలో ఇక్కడ ఎండ ఎట్లుంటుందో చెప్పనక్కరలేదు. మన పెద్దలు మందపు గోడలు కట్టినారు, చూరు కిందికి దించినారు, ముందర వసారా వేసినారు. అది తెలివితక్కువ పని కాదు. ఎత్తైన గోపురము మీద పెట్టే డబ్బులో సగము ఎత్తైన కిటికీలకు, వసారాకు పెట్టితే పసిపిల్లల తల్లులు ఆరాధన అయ్యేవరకు కూర్చోగలుగుతారు. నడుమ స్తంభములు అడ్డమని తీసివేయకముందు, ఎవరు వాటికి ఆనుకొని కూర్చుంటున్నారో ఒక్క ఆదివారము చూడండి.

నాలుగవది, అన్నిటికన్న ముఖ్యమైనది. నమూనాను పట్టణములో మరొక చర్చి ఫోటో చూచి తీసుకోకండి. సంఘమంతా కూర్చొని ఎన్నుకొనండి. కోయ గూడెము నుండి వచ్చేవారిని అడగండి, మీ ఇంటి ముందర ఏమి వేస్తారు అని. తండా అక్కలను అడగండి, గోడ మీద మీరు ఏ బొమ్మ వేస్తారు అని. మన అడవిలో ఉమ్మెత్త, అరటియే కాదు, ఇప్ప ఉన్నది, మోదుగు ఉన్నది. ఎండలు ముదిరే వేళ, ఆకు రాలి చెట్టు ఎండినట్లు కనబడేటప్పుడు మోదుగు ఎర్రగా పూస్తుంది. శ్రమల కాలములో, మట్టల ఆదివారమునకు ముందర, అడవి అంతా ఆ ఎరుపే. దానిని చూచి ప్రభువు రక్తమును జ్ఞాపకము చేసుకోని విశ్వాసి ఎవరు? ఏ పువ్వును చెక్కాలో అజరయ్య గారు తమ కాలమునకు చెప్పినారు. మన కాలమునకు మనము చెప్పాలి.

మన భద్రాచలము పక్కనే ఉన్నది. గోపన్న అను తాసీల్దారు ఆ ఆలయము కట్టించి గోల్కొండ చెరసాల పాలైన కథ ఈ ప్రాంతములో పసిపిల్లలకు కూడా తెలుసు. దేవుని కొరకు ఇల్లు కట్టడము వెల పెట్టవలసిన పని అని మన పొరుగువారికి తెలుసు. మనకు తెలియదా?

బిషప్ అజరయ్య గారు 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించినారు. సంఘములన్నీ ఏకము కావాలని 1919లో తరంగంబాడి సభ నాటి నుండి ఆయన పాటుపడినారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు చూడడానికి ఆయన లేరు. ఆయన నాటిన అరటి గెల వేసినది, చెట్టు పోయినది. మనము పిలకలము. నూరేండ్లు దాటిన మండలమని పండుగ చేసుకోవడము మంచిదే. కాని పిలక పని పండుగ చేసుకోవడము ఒక్కటే కాదు, మళ్ళీ గెల వేయడము.

మీ ఊళ్ళలో కొత్త గుళ్ళు లేవాలి. వాటిలో వాన కురవకూడదు. మీ మనుమలు వాటిని చూచి ఇది ఎవరో ఇచ్చినది అనక, ఇది మాది అనాలి. నడుము నొప్పి గల ఒక ముసలి తల్లికి ఆనుకోవడానికి అందులో ఒక చోటు ఉండాలి. ఆ చోటు ఉన్నదా లేదా అని ప్రతిష్ఠ దినమున నేను వచ్చి మొట్టమొదట చూస్తాను.

ఇన్నాళ్ళు ఈ మండలమును కాపాడిన దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.